జతపరచవలసిన పత్రాలు

ఐదో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
"ప్రజాప్రయోజన న్యాయవాదాన్ని ఎందుకు ఎంచుకున్నారు?
మూడువందల మాటలకు మించరాదు."

పూర్ణా మార్కెట్ వెనక, మేడమీద గది.
కింద ఉల్లిపాయల లారీ దిగుతోంది.
గడువు ఈ రాత్రి పన్నెండింటికి.
ఇప్పుడు తొమ్మిదీ నలభై.

మొదట రాసిన వాక్యం:
"గొంతు లేనివారికి గొంతునయ్యాను."
చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.
కాసులమ్మ గొంతు విన్నారా మీరెప్పుడైనా?
దండెం దగ్గర నిలబడి మనవణ్ణి కేకేస్తే
కోట వీధిలో కుక్కలు లేస్తాయి.
కొట్టేశాను.
మూడు మాటలు ఆదా.

ఆవిడ బట్టలుతుకుతుంది.
లాడ్జీల దుప్పట్లు, నర్సింగుహోముల దుప్పట్లు,
పొద్దున ఆరేస్తే కొబ్బరిముక్కలు.
హార్బరు వైపు నుంచి గాలి తిరిగితే
మధ్యాహ్నానికి వాటి నిండా బొగ్గు వేలిముద్రలు.
మళ్ళీ ఉతుకుతుంది.
రెండో ఉతుకుకి కూలి లేదు,
సబ్బు మాత్రం రెండుసార్లు అరుగుతుంది.

మొదటిసారి మా ఆఫీసుకొచ్చినప్పుడు
సంచిలోంచి కాగితాలు తియ్యలేదు.
ఒక తెల్ల పంచె తీసి బల్లమీద పరిచింది.
"ఇదేనమ్మా నా దరకాస్తు" అంది.
మడత లోపల తెలుపు, పైన బూడిద.
మా సీనియర్ పేరిశాస్త్రి గారు
కళ్ళద్దాలు తుడుచుకోడానికి దాని కొస అందుకోబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

కోర్టులో ఆ పంచెకి నంబరు పడలేదు.
గుడ్డ సాక్ష్యమెలా అవుతుంది అన్నాడు గుమస్తా,
పైగా ఉతికేస్తే పోతుందిగా అన్నాడు.
"ఎల్లిపోద్ది బాబూ, నువ్వుతుకుతావేటి?"
వాయిదా.
ఇప్పటికి పదకొండు వాయిదాలు.
పదకొండు పంచెలు, కొసలకి తేదీ చీటీలు కుట్టి,
ఇదిగో ఈ మూల రేకుపెట్టెలో ఉన్నాయి.
మూత తీస్తే ముందు సబ్బు వాసన,
ఆ తర్వాత ఓడల వాసన.

ఈ దరఖాస్తు పీడీఎఫ్ మాత్రమే తీసుకుంటుందట.
రెండు ఎంబీ దాటకూడదట.

నిజం రాయమంటే ఇదీ రాయాలి:
చెక్ బౌన్సు కేసులతో గది అద్దె కడుతున్నాను,
అద్దె ఒప్పందాలు టైపు చేసి కరెంటు బిల్లు.
నెలనెలా వస్తుందంటున్న ఆ జీతం మీద నాకు ఆశ ఉంది.
స్కూటీ టైర్లు మార్చాలి.
అమ్మకి చెప్పకుండా కుదువపెట్టిన గొలుసు విడిపించాలి.
ప్రజాప్రయోజనం అన్న మాటలో
ప కింద వంగి ఉన్న క్రావడిలా
నేనూ ఉన్నాను.

పేరిశాస్త్రి గారు సిఫారసు ఉత్తరంలో
"పట్టుదల గల అమ్మాయి" అని రాశారు.
"ఫీజు అడగడం రాదు" అని మాత్రం
నోటితో అన్నారు.

ఏడో ప్రశ్న: లబ్ధిదారుల సంఖ్య.
ఒకటి అని కొట్టి, చెరిపి,
ఆ గాలి పీల్చేవాళ్ళని లెక్కపెట్టబోయాను.
కోట వీధి, రెల్లి వీధి, చెంగలరావుపేట...
కాసులమ్మ మనవడు అప్పలకొండకి ఆరేళ్ళు,
తెల్లార్లూ దగ్గుతాడు.
వాణ్ణి ఒకడిగా రాయాలా,
దగ్గుకొకడిగా రాయాలా?

పేరు వాడుకోవచ్చా అని అడగడానికే
సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.
దండెం మీంచి క్లిప్పులు తీస్తూ వింది.
"ఎన్నాళ్ళిత్తారు జీతం?"
"రెండేళ్ళు."
"రెండేళ్ళా! మన వాయిదాలకే సాలవు గదే గుంటా.
ఆ తరవాతేటి సేత్తావు?"
క్లిప్పులు దోసిట్లో పట్టుకుని నిలబడ్డాను.
"పేరెట్టుకో. ఇంటిపేరు కూడా ఎట్టు.
ఊళ్ళో కాసులమ్మలు శానామందున్నారు."

పదకొండూ యాభైకి
ఐదో ప్రశ్న కింద ఇలా రాశాను:
"ఎంచుకోలేదు. ఒకావిడ పంచె పరిచింది.
నేను దాన్ని మడిచి ఇవ్వడం మర్చిపోయాను."
ఇంకా రెండువందల తొంభైఒక్క మాటలు మిగిలాయని
తెర అడుగున ఓ అంకె.

పంపు అన్నచోట నొక్కాను.
చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది.
లారీ ఎప్పుడు వెళ్ళిపోయిందో,
వీధిలో ఉల్లిపొరలు దొర్లుతున్నాయి.
కిటికీ మూయబోతే
గట్టు మీద వేలికి నల్లగా అంటింది.

గాలి మళ్ళింది.
రేపు పదిన్నరకి పిలుస్తారు.
పన్నెండో పంచె తెస్తానంది.